ఊట తగ్గిన నెల

కుళాయి కారుతుంటే లోకంలో ఎవరైనా ప్లంబరును పిలుస్తారు. ఈ మహానుభావుడు కింద స్టీలు గ్లాసు పెట్టి, గడియారం చేత్తో పట్టుకుని, నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెట్టి, వంటింటి క్యాలెండర్లో రాస్తాడు. పదకొండు వారాలుగా ఇదే వరస. తోడబుట్టినవాడు కాబట్టి భరిస్తోంది కానీ, పెళ్లామే అయ్యుంటే ఈపాటికి ఆ గ్లాసు నెత్తిన బోర్లించి పుట్టింటికి పోయేదని అక్క అభిప్రాయం. అభిప్రాయాలను మనసులో దాచుకోవడం ఆవిడకు చేతకాదు.

"అయిందా నీ పూజ?" అంది, ముందుగదిలో కుట్టుమిషను దగ్గర నుంచే.

ఆయన వేలు పైకెత్తాడు. లెక్క మధ్యలో మాట్లాడకూడదు.

"ఎన్ని?"

"అరవై నాలుగు."

"పోయిన వారం?"

"తొంభై. మొదట్లో నూట నలభై ఉండేది."

"చూశావా, దానంతటదే బాగవుతోంది! కొన్నింటిని పట్టించుకోకపోతేనే బాగుపడతాయిరా. నేను నిన్ను పట్టించుకుని చెడగొట్టాను."

ఆయన నవ్వలేదు. వంగి కుళాయి వెనక గోడను చూశాడు. అరచెయ్యి ఆనించాడు. పొడిగానే ఉంది. "ఎవరూ చెయ్యి పెట్టకుండా కారడం తగ్గితే బాగైనట్టు కాదక్కా. నీళ్లు ఇంకో దారి చూసుకున్నాయేమో."

"కుళాయికి బుర్ర కూడా ఉందంటావు. పోన్లే, ఈ ఇంట్లో దేనికో ఒకదానికి ఉండాలి కదా." అక్క మిషను తొక్కడం మొదలుపెట్టింది. స్కూలు యూనిఫాం చొక్కాలు, నూట ఇరవై, శనివారానికి ఇవ్వాలి. "నిన్న డబ్బా మొత్తం తిన్నావా?"

"తిన్నాను."

"చెవులు చూసుకో అద్దంలో."

ఆయన చెవులు పెద్దవి, పల్చనివి. ఎండలో నిలబడితే వెలుతురు వాటి గుండా పోతుంది. అబద్ధమాడితే మాత్రం ఎర్రబడతాయి. యాభై ఐదేళ్లొచ్చినా ఆ జబ్బు పోలేదు. మిగతా మనిషిలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు: ముందుకు వంగిన భుజాలు, మోచేతుల దగ్గర మెరుపెక్కిన చొక్కా, ఎర్రసిరా ఇంకిపోయిన చూపుడువేలు.

గడియారాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. అది బావది. కీ ఇస్తేనే నడిచే పాతకాలపు చేతిగడియారం. బావ పోయి ముప్ఫై ఒక్క ఏళ్లయింది, పట్టీ మూడుసార్లు మారింది. వాడుకునే హక్కు తమ్ముడిది, కీ ఇచ్చే హక్కు అక్కది. రోజూ దీపాలు పెట్టే వేళకు ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఓ క్షణం విని, ఇరవైసార్లు తిప్పి తిరిగి ఇస్తుంది. ఒకసారి ఆవిడ రెండు రోజులు ఆస్పత్రిలో ఉంటే గడియారం ఆగిపోయింది. ఆగిన గడియారాన్నే ఆయన జేబులో వేసుకుని తిరిగాడు గాని, కీ మీద వేలు వెయ్యలేదు.

వీధిలో ఆయన నడక చూస్తే ఎవరైనా బస్సు తప్పిపోతోందేమో అనుకుంటారు. బస్సుకు ఇంకా పావుగంట ఉంది. కాళ్లకే తొందర. మూలమీద ఇంటి గోడకు నెమ్ము పట్టింది, నిలబడి చూశాడు. మందుల షాపు ముందు నీళ్ల ట్యాంకరు అడుగున చెమ్మ, అదీ చూశాడు. నిన్న సాయంత్రం నుంచి సంచిలో ఒక కాగితం ఉంది. దాని బరువు ఎంతని, ఓ కాగితమంత. అయినా సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి నాలుగుసార్లు మార్చాడు.

ఆయన పని చేసేది ఆనకట్టల రికార్డుల గదిలో. గది కింది అంతస్తులో ఉంది, కిటికీ రోడ్డు వైపు. ఆ ప్రాంతంలోని నలభై మూడు ఆనకట్టలకు నలభై మూడు పుస్తకాలు. కట్ట ఎత్తెంత, వయసెంత, వెనక నీళ్లెంత, కింద ఎన్ని ఇళ్లున్నాయి, తెగితే ఎంతసేపట్లో నీళ్లు ఎక్కడికొస్తాయి, అన్నీ అందులో ఉంటాయి. ప్రతి కట్ట అడుగునా కాస్త ఊట ఉంటుంది. ఆ ఊట నీళ్లు చిన్న కాలువలో పడి, మధ్యలో కోత పెట్టిన ఒక రేకు మీంచి పోతాయి. కట్ట మీద కాపలా ఉండే లస్కరు ఆ కోత దగ్గర స్కేలు పెట్టి కొలిచి పంపిస్తాడు, ఈయన రాస్తాడు.

పుస్తకాలకు పేర్లు లేవు, నంబర్లే. అట్టకు ఒక చిల్లు, ఆ చిల్లుకు ఒక దారం. ఎరుపైతే ప్రమాదం, పసుపైతే కనిపెట్టి ఉండాలి, ఆకుపచ్చైతే భయం లేదు. చదువు రానివాళ్లు వచ్చినా గుమ్మంలోంచే తెలిసిపోవాలని ఎప్పుడో ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన పద్ధతి. ఎవరైనా రావచ్చు, ఏ పుస్తకమైనా అడగవచ్చు. వెనక అట్ట లోపల అంటించిన చీటీలో పేరు, తేదీ, ఎందుకు చూస్తున్నారో రాసి సంతకం చెయ్యాలి, అంతే. ఇంకొక కట్టుబాటు ఏమిటంటే, ఆ గదిలోకి రబ్బరు రాకూడదు. తప్పు పడితే ఎర్రసిరాతో ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. తప్పు కనిపిస్తూనే ఉండాలి.

ఆఫీసులో ఆయన్ని దారాల మాస్టారు అంటారు. "నేను మిషను మీద, నువ్వు పుస్తకాల మీద. ఇద్దరం దారాలు అమ్ముకునే బతుకుతున్నాం" అంటుంది అక్క. పెళ్లి కాలేదు. ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి, "ఏం చేస్తుంటారు?" అని అడిగితే, "ఎవరు మునిగిపోతారో రాస్తుంటానండి" అని చెప్పాడు. వాళ్లు మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

పదింటికి కొత్త ఇంజినీరు మేడ దిగి వచ్చాడు. వచ్చి ఎనిమిది నెలలైంది. అద్దాల్లాంటి బూట్లు. పనిమంతుడే. కాకపోతే దేనికీ నిలబడే ఓపిక లేదు, మాట కూడా నడుస్తూనే మాట్లాడతాడు.

"మాస్టారూ, పదిహేడో నంబరు రాశారా?"

"రాస్తాను సార్."

"నిన్ననే కాగితం ఇచ్చాను కదా. ఊట ఎంతండీ? నిమిషానికి ఇరవై రెండు లీటర్లు, తర్వాత పదిహేడు, ఈ నెల తొమ్మిది. వరసగా మూడు నెలలు తగ్గింది. రూలు ప్రకారం పసుపు తీసి ఆకుపచ్చ కట్టాలా, వద్దా?"

"రూలు ప్రకారం కట్టాలి సార్. కానీ ఈ మూడు నెలల్లోనూ డ్యాములో నీళ్లు నాలుగడుగులు పెరిగాయి. నీళ్లు పెరిగితే ఊట కూడా పెరగాలి కదా సార్."

ఇంజినీరు నవ్వాడు. "పెరిగితే భయపడతారు, సరే. తగ్గినా భయపడితే ఇంక సంతోషపడేది ఎప్పుడండీ?"

"సార్, ఒకసారి అక్కడికి వెళ్లి చూస్తే..."

"నలభై మూడు కట్టలు, ఒక జీపు. లస్కరు చూస్తున్నాడుగా, అంకె పంపుతున్నాడుగా. ఐదింటికి నెల జాబితా బయటికి పోవాలి. అందులో ఆకుపచ్చ అని ఉంటేనే రేపు పొద్దున్న ఇంకో మూడడుగులు నింపుతారు. కింద పొలాలవాళ్లు రోజూ ఫోన్లు. మీరు ప్రతిపాదన రాయకుండా నేను ఆమోదం పెట్టలేను, ఆ రూలు కూడా మీరే చెప్పారు." మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "మీ పని రాయడం మాస్టారూ. ఆలోచించడానికి నేనున్నాను కదా."

అన్న మాట తప్పేం కాదు. జీతాల పట్టికలో కూడా అలాగే ఉంటుంది.

ఆయన పదిహేడో నంబరు పుస్తకం తెరిచాడు. మట్టికట్ట, నలభై ఒక్క అడుగుల ఎత్తు. కింద మూడు వందల పన్నెండు ఇళ్లు, ఒక బడి. కలం మూత తీశాడు. పెట్టాడు. లేచి కూజాలోంచి నీళ్లు తాగాడు. కూర్చున్నాడు. గుడ్డ తీసుకుని పుస్తకాలు దులిపాడు, మొన్ననే దులిపినవి. మళ్లీ నీళ్లు తాగాడు. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చునే అటెండరు, "కూజాలో ఊట కూడా తగ్గుతోంది మాస్టారూ" అన్నాడు.

మూడోసారి లేచినప్పుడు కాళ్లు ఆయన్ని కింది అర దగ్గరకు తీసుకుపోయాయి.

అక్కడ ఒకే పుస్తకం ఉంటుంది. తొమ్మిదో నంబరు. దానికి నల్లదారం. ఆ కట్ట ఇప్పుడు లేదు కాబట్టి దాన్ని ఎవరూ అడగరు. ఆయన కూడా ముప్ఫై ఒక్క ఏళ్లుగా దాని పైఅట్ట మీది దుమ్ము దులుపుతాడే గాని తెరవడు. తెరవక్కర్లేదు, చివరి మూడు అంకెలు నోటికి వచ్చు. పద్నాలుగు, పదకొండు, ఆరు. ఊట తగ్గింది. పసుపు తీసి ఆకుపచ్చ కట్టారు. పందొమ్మిది రోజులకు, ఒక వానరాత్రి, కట్ట తెగింది. కాలువలోకి రాని నీళ్లు అన్నాళ్లూ కట్ట పొట్టలోనే ఇంకో దారి తవ్వుకున్నాయని తర్వాత వచ్చిన పెద్దలు తేల్చారు. పదకొండు మంది పోయారు.

అప్పుడాయనకు ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. "పైవాళ్లు కట్టమన్నారు, కట్టాను" అని అందరికీ చెప్పాడు. అప్పటి ఇంజినీరు బదిలీ మీద వెళ్లిపోయి, ఆ తర్వాత కాలం చేశాడు కూడా, ఎదురు చెప్పేవాళ్లు లేరు. చుట్టాల్లో ఎవరైనా కదిపితే అక్క కూడా అదే చెప్పేది, "వాడిదేముంది, పైవాళ్లు చెప్పింది చేశాడు" అని.

పుస్తకం మాత్రం అలా చెప్పదు. అందులో ప్రతిపాదన అనే గడిలో ఈయన పొట్టి సంతకం ఉంది. ఆమోదం గడిలో ఇంజినీరు సంతకం ఉంది, రెండు రోజుల తర్వాతి తేదీతో. ఎవరూ కట్టమనలేదు. అంకె తగ్గిందన్న సంబరంలో తనే రాసి, తనే మేడెక్కి ఇచ్చి, ఆమోదానికి ఆగకుండా తనే పరుగున దిగి దారం కట్టాడు.

ఇప్పుడు పదిహేడు గురించి ఇంజినీరును నమ్మించాలంటే చూపించడానికి ఆయన దగ్గర లోకంలో ఉన్నది ఆ ఒక్క పేజీ. అంకెలు చూపిస్తే, పక్కనున్న సంతకం కూడా కనిపిస్తుంది.

పుస్తకం ముట్టుకోకుండా వచ్చి కూర్చున్నాడు. ప్రతిపాదన కాగితం ముందుకు లాక్కుని "పదిహేడో నంబరు" అని రాసి ఆపాడు.

పన్నెండున్నరకు పెద్ద పంతులమ్మ వచ్చింది. పదిహేడో నంబరు కింద ఉన్న బడికి ఆవిడే హెడ్మాస్టరు. నెలకోసారి భోజనం బెల్లు కొట్టగానే బస్సెక్కి వస్తుంది, గుమ్మంలోంచి దారం రంగు చూస్తుంది, చీటీలో "మామూలే" అని రాసి పోతుంది. బొద్దుగా, చెమటలు కక్కుతూ, ఎప్పుడూ నవ్వుముఖంతో ఉంటుంది.

"ఇంకా పసుపేనా అన్నయ్యగారూ? ఈ నెల మారుతుందని లస్కరు చెప్పాడే!"

"ఇంకా లేదమ్మా."

"తొందరగా మార్చండి బాబూ. ఆకుపచ్చ అయితే నాలుగు గదులు కట్టుకోడానికి పర్మిషను వస్తుంది. పై ఊరి పిల్లల్ని కూడా మా బడికే పంపిస్తామంటున్నారు. రెండు వందల మంది! నేనే మాటిచ్చాను, ఇంక భయం లేదండీ, కట్ట బాగైందీ అని." కొంగుతో మెడ తుడుచుకుంది. "నిజంగానే బాగైందిలెండి. ఈ ఎండలకి ఊరంతా మాడిపోతుంటే మా ఆటస్థలంలో ఓ మూల మాత్రం గడ్డి నిగనిగలాడుతోంది. పిల్లలంతా అక్కడే చేరుతున్నారు, చల్లగా ఉందని. పోయిన వారం నుంచి చెప్పులు కూడా తడుస్తున్నాయట వెధవలకి."

కలం ఆయన చేతిలోంచి జారి బల్ల మీద దొర్లింది.

"ఆ మూల... కట్టకి ఎంత దూరం?"

"ఎంతండీ, ఓ అరవై అడుగులు. ఏం?"

"కాలువ ఆ పక్కనేనా?"

"అబ్బే, కాలువ అటు చివర కదా. ఇటు నీళ్లెక్కడివి?" ఆవిడ నవ్వు సగంలో ఆగింది. "ఏమైందన్నయ్యగారూ?"

"మీరు బడికెళ్లి పిల్లల్ని ఆ మూలకి పోనివ్వకండి. ఈ పూటకి బడి వదిలేస్తే ఇంకా మంచిది."

"ఏమని చెప్పి వదిలెయ్యనండీ?"

"ఏదో ఒకటి చెప్పండి. నా పేరు చెప్పండి."

ఆవిడ చీటీలో "మామూలే" అని రాయలేదు. ఏమీ రాయకుండానే వెళ్లిపోయింది.

ఆయన కింది అర దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. తొమ్మిదో నంబరును బయటికి లాగాడు. అనుకున్నంత బరువు లేదు. చంకలో పెట్టుకుని మేడ ఎక్కాడు. పదహారు మెట్లు. ఇదివరకు ఒకసారి ఇవే మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

ఇంజినీరు టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాడు. ఈయన పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు, వేలితో చూపించాడు. వేలు అంకెల దగ్గరే ఆగింది.

"పద్నాలుగు, పదకొండు, ఆరు" అని చదివాడు ఇంజినీరు. "ఏ కట్ట ఇది? దీని నీటిమట్టం... పెరుగుతోంది. తర్వాత పేజీ?"

"తర్వాత పేజీ లేదు సార్."

ఈయన గడ్డి సంగతి, తడిసే చెప్పుల సంగతి చెప్పాడు. కాలువ అటు చివర, గడ్డి ఇటు చివర అని రెండుసార్లు చెప్పాడు.

ఇంజినీరు పేజీ మీదికి వంగాడు. "ఆకుపచ్చ కట్టమని ప్రతిపాదించిన ఈ పొట్టి సంతకం ఎవడిదండీ? ఏమనుకుని రాశాడు?"

"అప్పట్లో కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు సార్."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇక్కడే ఎక్కడో ఉన్నాడు సార్."

చెవులు కాలుతున్నట్టు ఆయనకే తెలిసింది. ఇంజినీరు వాటి వైపు చూశాడో లేదో తెలియదు. లేచి జీపు తాళాలు తీసుకున్నాడు. "జాబితా ఆపండి. నేను ఫోన్ చేసేదాకా పసుపే ఉండనివ్వండి." అని, గుమ్మం దాటాక, "గడ్డి గురించి రూల్లో ఎక్కడా లేదు మాస్టారూ" అన్నాడు. ఆ గొంతులో కోపం ఉందో, ఇంకేముందో.

కిందికి వచ్చాక పుస్తకాన్ని అరలో పెట్టబోయి ఆగాడు. ఇంజినీరైనా సరే, చూసినవాళ్ల పేరు చీటీలో ఎక్కించాల్సిందే. కట్టుబాటు. వెనక అట్ట తిప్పాడు.

చీటీ మీద అప్పటికే ఒక పేరు ఉంది.

విచారణ ముగిసి నల్లదారం కట్టినప్పుడు అంటించిన కొత్త చీటీ అది, ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒకే ఒక్క పేరు. కాజాలు కుట్టినట్టు గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా. అక్క పేరు. తేదీ, కట్ట తెగిన నాలుగు నెలలకు. ఎందుకు చూస్తున్నారు అన్న చోట, "తమ్ముడి చేతిరాత చూడటానికి" అని ఉంది.

ఆయన తేదీ మీద వేలు పెట్టి మళ్లీ చదివాడు.

ఆ తేదీ గుర్తుంది. ఆ రోజు జ్వరం వచ్చి సెలవు పెట్టాడు. మాత్రలు తెస్తానని వెళ్లిన అక్క రెండు గంటలకు గాని రాలేదు. "మందుల షాపులో జనంరా" అంది. తడిగుడ్డ పిండి నుదుటి మీద వేసింది.

కట్ట తెగడానికి ముందు, అక్కా బావా కట్ట కింది ఊళ్లోనే ఉండేవాళ్లు. బావది సైకిళ్ల షాపు. ఎందుకైనా మంచిదని మెరక మీద ఒక ఇల్లు చూసుకున్నారు, మారిపోవడానికి. దారం మార్చిన సాయంత్రమే తమ్ముడు అక్కడికి పరిగెత్తాడు. "ఆకుపచ్చ అయింది బావా! ఇంకెందుకు మారడం?" అన్నాడు. బావ నవ్వి, "ఇంట్లోనే గవర్నమెంటు ఉంటే మనకేం భయం" అన్నాడు. వానరాత్రి నాడు అక్క, రిపేరుకిచ్చిన బావ గడియారం తేవడానికి పట్నం వచ్చి, తిరుగు బస్సు లేక తమ్ముడి గదిలో ఉండిపోయింది. పదకొండు మందిలో బావ ఒకడు.

తెలిసి కూడా ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్లు డబ్బా కట్టింది. తెలిసి కూడా చుట్టాలతో "వాడిదేముంది" అంది.

నాలుగున్నరకు ఫోన్ మోగింది. ఇంజినీరు బడి ఆఫీసుగదిలోంచి మాట్లాడుతున్నాడు, రొప్పుతూ.

"ఆ గడ్డి మూలలో కాలు మోకాలి దాకా దిగిపోయింది మాస్టారూ. బూటు అందులోనే ఉండిపోయింది. నీళ్లు బురదగా వస్తున్నాయి. తూములు తెరిపించాను, రాత్రికి మూడడుగులు దిగుతుంది. మీరు ఎర్రదారం కట్టెయ్యండి. కింది వీధులవాళ్లని బడిలోకి కాదు, పైనున్న గోడౌన్లోకి పంపిస్తున్నాం."

"కడతాను సార్."

"ఆ పాత గుమాస్తా ఎక్కడైనా కనిపిస్తే..." అని ఆగాడు. "సరే, చూద్దాం. రేపు మాట్లాడుకుందాం." తప్పు నాదే అన్న మాట ఇంజినీరు అనలేదు. ఆఫీసుల్లో ఆ మాటకు ఫారం లేదు.

పసుపు దారం విప్పి ఎర్రది కట్టాడు. ముడి మూడుసార్లు జారింది. అటెండరు, "మంచి పని చేశారు మాస్టారూ, ఎంతమంది ప్రాణాలు!" అన్నాడు. ఆయనకది చెంపదెబ్బలా తగిలింది. ఈ రోజు మేడ మీదికి మోసుకెళ్లిన ప్రశ్నే ఆ రోజు కూడా పేజీలో ఉంది. నీళ్లు పెరుగుతుంటే ఊట ఎందుకు తగ్గింది? అంత చిన్న ప్రశ్న. అడగడానికి ఎవరూ అడ్డుపడలేదు.

ఇంటికి బస్సెక్కలేదు. బస్సులో కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. నాలుగు మైళ్లు నడిచాడు.

గుమ్మంలో అడుగుపెట్టేసరికి అక్క విజయగర్వంతో ఎదురొచ్చింది. "రా, రా! చుక్కలు సున్నా! మధ్యాహ్నం నుంచి ఒక్కటంటే ఒక్కటి పడలేదు. రాసుకో నీ క్యాలెండర్లో. నేనేం చెప్పాను?"

ఆయన చెప్పులు విడవకుండానే వంటింట్లోకి వెళ్లాడు. గ్లాసు అడుగు పొడిగా ఉంది. కుళాయి వెనక గోడా పొడిగానే ఉంది. ముందుగదిలోకి వచ్చి, మిషను వెనక గోడకు చేరేసిన యూనిఫాం మూటను పక్కకు లాగాడు. మూట అడుగు తడిసి ముద్దయింది. గోడకు సున్నం పొక్కులు లేచి, ఒకటి పగిలి, సన్నటి నీటిచార నేల మీదికి దిగుతోంది.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"సరే, ఒప్పుకుంటున్నా. నేనన్నదే తప్పు. కుళాయికి బుర్ర ఉంది." అడుగు చొక్కా ఒకటి లాగి పిండసాగింది. "రేపు ప్లంబర్ని పిలువు. అయ్యో, ఇరవై చొక్కాలు మళ్లీ ఉతకాలి. అలా గుడ్లప్పగించి చూస్తావేం, ఆ చివర పట్టుకో."

ఆయన పట్టుకున్నాడు. ఆవిడ ఒక వైపు మెలితిప్పింది, ఆయన ఇంకో వైపు. నీళ్లు కారాయి. అంత సులువుగా అనేసింది. నేనన్నదే తప్పు. చొక్కా దులిపినంత తేలిగ్గా.

"అక్కా."

"ఊఁ."

"తొమ్మిదో నంబరుకి ఆకుపచ్చ కట్టమని నాకెవరూ చెప్పలేదు."

ఆవిడ చేతులు ఆగాయి.

"రాసింది నేనే. కట్టింది నేనే. బావని ఉండిపొమ్మన్నదీ నేనే. ఇన్నేళ్లూ నీకు అబద్ధం చెప్పాను. తప్పు నాదక్కా."

అక్క ముందు ఆయన చెవుల వైపు చూసింది. అవి మామూలుగానే ఉన్నాయి. చొక్కాను కుర్చీ వీపు మీద ఆరేసింది, ముడతలు చేత్తో సరిచేసింది, గుండీలు ఒక్కొక్కటే తడిమింది. తెలుసనలేదు. పోనీలే అని కూడా అనలేదు. కిటికీ బయట వీధిదీపాలు వెలిగాయి.

"గడియారం ఏది?" అంది చివరికి.

ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ రోజూలాగే చెవి దగ్గర పెట్టుకుంది. ఈసారి ఎక్కువసేపు వింది. బొటనవేలు కీ మీదికి వెళ్లి, అక్కడే ఆగింది. తర్వాత గడియారాన్ని ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇవాళ నువ్వివ్వు. ఇరవై. గట్టిగా తిప్పకు, తెగిపోతుంది."

ఆవిడ తడి మూట ఎత్తుకుని దండెం దగ్గరకు వెళ్లింది. ఆయన వంటింట్లో కుళాయి పక్కన నిలబడి పైకే లెక్కపెట్టాడు. ఇరవై అన్నాక చేతిలో దాన్ని ఏం చెయ్యాలో తోచక, గట్టు మీద పెట్టి దండెం వైపు నడిచాడు. ఖాళీ గ్లాసు పక్కన బావ గడియారం, పట్టీ రెండు వైపులా తెరుచుకుని, కొట్టుకుంటూ ఉంది.